స్ప్రింక్లర్లు తీసి డ్రిప్ పెట్టాలి, కానీ లాన్, మొక్కలు రెండూ ఒకే వాల్వ్ మీద ఉన్నాయి. సలహా కావాలి

పెరటిగాలి:
అందరికీ నమస్తే అండి. మా ఇంటి గోడ వెంబడి పొడవాటి మడి ఒకటి ఉంది, దాదాపు 12 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు. గులాబీలు, మందారాలు, మధ్యమధ్యలో టమాటా, మిరప. పక్కనే లాన్. మడిలో 4 పాపప్ స్ప్రింక్లర్లు, లాన్ లో 3, మొత్తం ఏడూ ఒకే సోలినాయిడ్ వాల్వ్ (టైమర్ సిగ్నల్ తో కరెంట్ మీద తెరుచుకునేది) మీద నడుస్తాయి. మడిలో స్ప్రింక్లర్లు ఆన్ అయితే సగం నీళ్ళు గోడ మీద, నడిచే దారి మీద పడుతున్నాయి, గులాబీ ఆకులకి నల్లమచ్చ తెగులు తగ్గడమే లేదు, మందారాలు గుబురుగా పెరిగాక వాటి వెనక ఉన్న మొక్కలకి అసలు నీళ్ళే అందట్లేదు. అందుకే మడి వరకు డ్రిప్ కి మారుద్దాం అనుకుంటున్నా. స్ప్రింక్లర్ హెడ్ తీసేసి అదే రైజర్ కి (భూమిలోంచి హెడ్ దాకా పైకి వచ్చే పైప్ ముక్క) డ్రిప్ కిట్ బిగిస్తే చాలు అంటున్నారు కొందరు, నిజంగా అంతేనా? లాన్ హెడ్స్ ని అలాగే వదిలేయొచ్చా?

తోటరాముడు:
అంతే అండి, చాలా ఈజీ. ఒక హెడ్ విప్పి దాని ప్లేస్ లో ఫిల్టర్, ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ రెండూ కలిసి ఉన్న కన్వర్షన్ కిట్ బిగించండి, దాన్నుంచి 16 ఎంఎం పైప్ లాగండి, మడిలో మిగతా 3 హెడ్స్ కి క్యాప్ పెట్టేయండి. లాన్ ని ముట్టుకోనక్కర్లేదు. ఒక సాయంత్రం పని.

పైపులమాస్టర్:
తోటరాముడు గారు కిట్ గురించి చెప్పింది కరెక్టే, కానీ లాన్ ని అలాగే వదిలేయమనడం దగ్గర నేను ఒప్పుకోను. ఒకే వాల్వ్ మీద స్ప్రింక్లర్, డ్రిప్ రెండూ పెట్టకూడదండి, ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా సర్దుకుంటుంది.

లెక్క చూడండి. ఇంటి లాన్ లో పెట్టే స్ప్రే హెడ్, సగం వృత్తం కొట్టేది, మామూలుగా నిమిషానికి 5 నుంచి 7 లీటర్లు ఇస్తుంది. డ్రిప్పర్ గంటకి 2 లీటర్లు ఇస్తుంది, గంటకి! స్ప్రింక్లర్ ని మీరు 10 నిమిషాలు నడుపుతారు, ఆ 10 నిమిషాల్లో ఒక్కో డ్రిప్పర్ నుంచి పడేది 330 మిల్లీలీటర్లు, అంటే గులాబీ మొదట్లో పైమట్టి తడిసి ఆగిపోద్ది. పోనీ డ్రిప్ కోసం గంట నడుపుదాం అంటే లాన్ చెరువు అయిపోద్ది. టైమర్ లో ఎన్ని నిమిషాలు పెట్టినా ఇద్దరిలో ఒకరికి అన్యాయమే. కాబట్టి ఒక వాల్వ్ కింద ఉన్నదంతా డ్రిప్ అయినా అవ్వాలి, లేదా మొత్తం స్ప్రింక్లరే ఉండాలి.

ముందు వాల్వ్ దగ్గర తవ్వి చూడండి. లాన్ కి, మడికి పైప్ ఎక్కడ చీలుతుందో తెలిస్తే అప్పుడు దారి చెప్పొచ్చు.

తోటరాముడు:
మాస్టర్ గారూ, లాన్ చిన్నదైతే రెండు మూడు సార్లు షార్ట్ గా నడిపితే సరిపోదా? పొద్దున ఓ 15 నిమిషాలు, సాయంత్రం ఓ 15 నిమిషాలు. అప్పుడు లాన్ లో నీళ్ళు నిలవవు, డ్రిప్ కి టైమ్ కూడా వస్తది కదా.

పైపులమాస్టర్:
నీళ్ళు నిలవవు నిజమే, కానీ లాన్ లోకి వెళ్ళే మొత్తం మాత్రం తగ్గదు కదండీ. డ్రిప్ కి గంట కావాలి, ఆ గంటని మీరు ముక్కలు చేసినా లాన్ కి కూడా గంట నీళ్ళు పోయినట్టే. ఇంకో నష్టం, 15 నిమిషాల డ్రిప్ తో తడి పైపైనే ఉంటుంది, వేర్లు కూడా పైనే తిరుగుతాయి, రెండ్రోజులు కరెంట్ లేక టైమర్ ఆగితే మొక్క వాడిపోద్ది. డ్రిప్ సుఖం అంతా తక్కువ సార్లు, ఎక్కువ సేపు ఇవ్వడంలోనే ఉంది.

పెరటిగాలి:
తవ్వి చూశానండి. వాల్వ్ దాటాక ఒక అడుగు దూరంలో టీ (పైప్ రెండుగా చీలే ఫిట్టింగ్) ఉంది, ఒక కొమ్మ మడికి, ఒకటి లాన్ కి వెళ్తోంది. కంట్రోలర్ (టైమర్ పెట్టె) లో ఒక స్టేషన్, అంటే ఇంకో వాల్వ్ వైర్ తగిలించే చోటు, ఖాళీగా ఉంది.

పైపులమాస్టర్:
అయితే మీ పని సగం అయిపోయినట్టే అండి! ఆ టీ తీసేసి, వాల్వ్ కి ముందు వైపు పైప్ చీల్చి రెండు వాల్వులు పక్కపక్కన పెట్టండి. ఉన్న వాల్వ్ లాన్ కి, కొత్తది మడికి. వైర్ కష్టమేం కాదు, ఈ వాల్వులు 24 వోల్టుల ఏసీ మీద నడుస్తాయి, ఒక కామన్ వైర్ అన్ని వాల్వులకీ కలిపి ఉంటుంది, కొత్త వాల్వ్ కి దాని సొంత వైర్ ఒకటి ఖాళీ స్టేషన్ దాకా లాగితే చాలు. భూమిలో జాయింట్లకి మాత్రం గ్రీజు నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లే వాడండి, ఇన్సులేషన్ టేప్ చుడితే కొన్నాళ్ళకి తుప్పు పట్టి వాల్వ్ ఎందుకు తెరుచుకోవట్లేదో అర్థం కాక తల పట్టుకోవాల్సి వస్తుంది.

వాల్వ్ కొనేటప్పుడు కనీస ఫ్లో ఎంతో చూడండి, చాలామంది ఇది చూడరు. పెద్ద స్ప్రింక్లర్ జోన్ కోసం చేసిన కొన్ని వాల్వులు డ్రిప్ అంత తక్కువ ఫ్లో కి పూర్తిగా మూసుకోవు, సన్నగా కారుతూనే ఉంటాయి. తక్కువ ఫ్లో కి పనికొచ్చేది అడిగి తీసుకోండి.

వరస ఇలా ఉండాలి: వాల్వ్, తర్వాత ఫిల్టర్, తర్వాత ప్రెషర్ రెగ్యులేటర్, తర్వాత పైప్. వాల్వ్ దగ్గర ఇవన్నీ పెడుతున్నారు కాబట్టి మీకు రైజర్ కిట్ అక్కర్లేదు. తాగే నీళ్ళ లైన్ నుంచే తోటకి వస్తుంటే బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్ (నీళ్ళు వెనక్కి పోకుండా ఆపేది) ఉందో లేదో కూడా చూసుకోండి. డ్రిప్పర్లు మట్టిలోనే ఉంటాయి, మెయిన్ లో ప్రెషర్ పడిపోతే ఆ మట్టి నీళ్ళు, ఎరువు నీళ్ళు వెనక్కి లాగేసుకుంటాయి.

నీటిబొట్టు:
రెగ్యులేటర్ ఎందుకు, గేట్ వాల్వ్ సగం తిప్పి ప్రెషర్ తగ్గించుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు, ముందే చెప్తున్నా, కుదరదు. గేట్ వాల్వ్ ఫ్లో ని తగ్గిస్తుంది గానీ ప్రెషర్ ని కట్టడి చెయ్యదు, ఇంట్లో వేరే కుళాయిలు కట్టేయగానే ప్రెషర్ మళ్ళీ ఎక్కేస్తుంది, డ్రిప్పర్లు ఊడి ఎగిరిపోతాయి. స్ప్రే హెడ్స్ కి 30 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దాకా కావాలి, తిరుగుతూ దూరంగా చిమ్మే రోటర్లకి ఇంకా ఎక్కువ. డ్రిప్ కి 15 నుంచి 30 మధ్య ఉంటే హాయి. 25 పీఎస్ఐ రెగ్యులేటర్ ఇళ్ళకి బాగా సరిపోద్ది.

ఒక్క మినహాయింపు. మీ నీళ్ళు నేరుగా మేడ మీద ట్యాంక్ నుంచి వస్తుంటే రెగ్యులేటర్ అవసరమే రాదు. 10 మీటర్ల ఎత్తుకి వచ్చేది దాదాపు 1 బార్, అంటే 14 పీఎస్ఐ. రెండంతస్తుల ట్యాంక్ అయితే అంత కూడా రాదు. అప్పుడు ప్రెషర్ కాంపెన్సేటింగ్ (ప్రెషర్ మారినా ఒకే ఫ్లో ఇచ్చేవి) కాకుండా మామూలు డ్రిప్పర్లు తీసుకోండి, కాంపెన్సేటింగ్ వాటిలో సిలికాన్ పొర ఉంటుంది, అది సరిగ్గా పనిచెయ్యాలంటే కొంత ప్రెషర్ ఉండాల్సిందే.

పెరటిగాలి:
మాది పంప్ తో వచ్చే లైన్ అండి, స్ప్రింక్లర్లు బానే ఎగురుతాయి. అయితే పైప్ ఏది తీసుకోవాలి, డ్రిప్పర్లు లోపలే అమర్చి వచ్చే ఇన్‌లైన్ నా, లేక పైప్ కి చిల్లు పెట్టి డ్రిప్పర్లు గుచ్చేదా?

నీటిబొట్టు:
మీ మడి గుబురుగా మొక్కలున్న మడి కాబట్టి ఇన్‌లైన్ ఏ మంచిది. 16 ఎంఎం, 30 సెంటీమీటర్లకి ఒక డ్రిప్పర్, గంటకి 2 లీటర్లది. 3 లైన్లు వెయ్యండి, లైన్ కి లైన్ కి అర మీటర్. 36 మీటర్ల పైప్, 120 డ్రిప్పర్లు, గంటకి 240 లీటర్లు, నిమిషానికి 4 లీటర్లు. ఇంతకుముందు మడిలో 4 హెడ్స్ నిమిషానికి 20 లీటర్ల పైనే పోస్తున్నాయి కదా, తేడా చూడండి.

ఇప్పుడు టైమ్ లెక్క. మడి 18 చదరపు మీటర్లు, 240 ని 18 తో భాగిస్తే గంటకి 13 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు. ఎండాకాలంలో రోజుకి 5 మిల్లీమీటర్లు కావాలి అనుకుంటే మూడ్రోజులకోసారి గంటా పది నిమిషాలు. చల్లగా ఉన్నప్పుడు వారానికోసారి చాలు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, ఆ తర్వాత వేలు పెట్టి మట్టి చూసి సర్దుకోవాలి.

విడివిడిగా దూరంగా ఉన్న మొక్కలకైతే గుచ్చే డ్రిప్పర్లు బాగుంటాయి, మధ్యలో ఖాళీ నేలకి నీళ్ళు పొయ్యకుండా, కలుపు కూడా తగ్గుతుంది.

బంకమన్ను:
మట్టి ఏంటో చెప్పకుండా డ్రిప్పర్ల దూరం ఎలా తేల్చేస్తారండి? ఇసుక నేలలో నీళ్ళు ముల్లంగిలా సన్నగా కిందికి దిగిపోతాయి, బంకమన్నులో గుమ్మడికాయలా అడ్డంగా పరుచుకుంటాయి. మాది బంకమన్ను, 45 సెంటీమీటర్ల దూరం పెట్టినా తడి తడి కలిసిపోతుంది. ఇసుక అయితే 30 కి మించకూడదు, పైగా ఒకేసారి గంట కాకుండా రెండు విడతలుగా ఇవ్వాలి, లేదంటే వేర్లు దాటి కిందికి పోతాయి నీళ్ళు. మా నేలలో అయితే 2 లీటర్ల డ్రిప్పర్ కూడా ఎక్కువే, 1 లీటర్ ది పెట్టి ఇంకా ఎక్కువ సేపు నడిపితే పైన నిలవకుండా ఇంకుతుంది.

ఒక డ్రిప్పర్ గంట నడిపి, మర్నాడు దాని పక్కన పలుగుతో తవ్వి తడి ఎంత దూరం, ఎంత లోతు పోయిందో కళ్ళతో చూడండి. ఏ పట్టికా మీ మట్టి గురించి అంత కచ్చితంగా చెప్పదు.

పెరటిగాలి:
నిజమే, చెప్పడం మర్చిపోయా. మాది ఇసుక కలిసిన ఎర్ర నేల, నీళ్ళు త్వరగా ఇంకుతాయి. అయితే 30 ఏ తీసుకుంటా.

గులాబీవనం:
గులాబీలకి డ్రిప్ పెట్టడం చాలా మంచి నిర్ణయం అండి. నల్లమచ్చ తెగులు మొలకెత్తాలంటే ఆకు మీద గంటల తరబడి తడి ఉండాలి, రాత్రిపూట స్ప్రింక్లర్ నడిస్తే ఆ తెగులుకి కావలసినవన్నీ మనమే ఇచ్చినట్టు. డ్రిప్ లో ఆకు పొడిగా ఉంటుంది. రాలిన మచ్చల ఆకులు మాత్రం ఏరి పారేయండి, నీళ్ళ పద్ధతి మార్చగానే పాత తెగులు మాయమవదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, ఎవరూ చెప్పరు. పైనుంచి నీళ్ళు పడటం ఆగిపోయాక ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంది, ఎండాకాలంలో ఎర్రనల్లి వచ్చి కూర్చుంటుంది. అది దుమ్ము, పొడి ఉన్నచోటే పెరుగుతుంది. బూడిద తెగులు కూడా పొడి ఆకుల మీదే వస్తుంది. అందుకని అప్పుడప్పుడు పొద్దున్నే పైప్ తో ఆకుల అడుగు భాగం కడగండి, పొద్దున్నే అయితే ఎండకి ఆరిపోతాయి.

పచ్చికబయలు:
మధ్యలో వస్తున్నా క్షమించండి, మరి లాన్ ని కూడా డ్రిప్ చేసేయొచ్చు కదా? నీళ్ళు ఆదా అవుతాయి అన్నప్పుడు సగమే ఎందుకు?

పైపులమాస్టర్:
చేయొచ్చు, భూమిలో 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున 30 సెంటీమీటర్లకో లైన్ చొప్పున ఇన్‌లైన్ పైప్ పాతుతారు. కానీ ఉన్న లాన్ మొత్తం లేపి మళ్ళీ వెయ్యాలి. గడ్డి కొత్తగా వేసినప్పుడు పైమట్టి తడిగా ఉండాలి, కింద నుంచి వచ్చే తడి గింజకి అందదు, అప్పటికి మళ్ళీ పైనుంచి నీళ్ళు కొట్టాల్సిందే. ఇసుక నేల అయితే లైన్ల మధ్య గడ్డి పసుపు చారలుగా కనిపిస్తుంది. పైగా ఎయిరేషన్ (వేర్లకి గాలి ఆడటానికి నేలలో చిల్లులు చెయ్యడం) కోసం ఎవరైనా పలుగు దించితే పైప్ కి చిల్లు. లాన్ కొత్తగా వేసేవాళ్ళు, గోడల మధ్య సన్నటి పట్టీలా లాన్ ఉన్నవాళ్ళు ఆలోచించొచ్చు. ఉన్న లాన్ బాగుంటే స్ప్రింక్లర్ నే ఉంచి, నాజిల్స్ మార్చి, దారి మీద పడకుండా కోణం సరిచేసుకోండి, అదే చాలా మిగులుతుంది.

బంకమన్ను:
లాన్ లో పాతే పైప్ అంటే గుర్తొచ్చింది, పైప్ పాతినా ఆకుచెత్త కింద దాచినా ఎత్తైన చోట ఎయిర్ వాల్వ్ ఒకటి పెట్టండి. నీళ్ళు ఆగగానే పైప్ లోపల వాక్యూమ్ వస్తుంది, డ్రిప్పర్ చిల్లుల్లోంచి బురద లోపలికి లాగేస్తుంది. వాలు నేల అయితే ఇంకోటి, వాల్వ్ కట్టేశాక పైప్ లో మిగిలిన నీళ్ళన్నీ కింది చివర డ్రిప్పర్ల దగ్గరకే కారుతాయి, అక్కడి మొక్కలు కుళ్ళిపోతాయి. లైన్లని వాలుకి అడ్డంగా వేయండి.

తేటనీరు:
మా నీళ్ళలో సున్నం చాలా ఎక్కువ, కుళాయిల మీద తెల్లగా పేరుకుపోతుంది. డ్రిప్ పెడితే మూసుకుపోతాయని భయంగా ఉంది. ఎలా?

నీటిబొట్టు:
డ్రిప్పర్ మూసుకుపోవడం మూడు రకాలు. ఇసుక, తుప్పు రేణువులు ఒకటి, నాచు, జిగురు ఒకటి, సున్నం, ఇనుము ఒకటి. మొదటిదానికి ఫిల్టర్, 120 మెష్ (జల్లెడ సన్నదనం, అంకె పెరిగితే చిల్లులు చిన్నవి) కి తగ్గకూడదు, 150 దాటితే ఇంకా మంచిది. రెండోదానికి నల్ల పైప్, వెలుతురు లోపలికి పోకపోతే నాచు పెరగదు. పారదర్శకంగా ఉండే పైపులు డ్రిప్ కి వాడొద్దు. లైన్ల చివర ఎండ్ క్యాప్ తీసి నీళ్ళు తేటగా వచ్చేదాకా అప్పుడప్పుడు వదలాలి.

సున్నం మాత్రం ఫిల్టర్ కి దొరకదు, నీళ్ళలో కరిగి ఉంటుంది, డ్రిప్పర్ మూతి దగ్గర నీరు ఆవిరైనప్పుడు గడ్డకడుతుంది. అందుకే పైప్ మీద ఆకుచెత్త కప్పితే ఆవిరి తగ్గి సున్నం కూడా తగ్గుతుంది. బాగా మూసుకుపోతే సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు లైన్ లో నింపి కొంతసేపు ఉంచి ఫ్లష్ చేస్తారు. ఎప్పుడూ నీళ్ళలో యాసిడ్ పొయ్యాలి గానీ యాసిడ్ లో నీళ్ళు పొయ్యకూడదు. నాచు కోసం బ్లీచింగ్ వాడేవాళ్ళు ఉంటారు, అది, యాసిడ్ ఒకదానికొకటి తగలకూడదు, విషవాయువు వస్తుంది. రెండూ ఒకే రోజు చెయ్యొద్దు అనే చెప్తాను నేను.

తేటనీరు:
థాంక్స్ అండి. మూసుకుపోయిందా లేదా అని ఎలా తెలుస్తుంది, మొక్క వాడిపోయేదాకా ఆగాలా?

నీటిబొట్టు:
అస్సలు ఆగొద్దు. డ్రిప్పర్ కింద చిన్న గిన్నె పెట్టి 3 నిమిషాలు పట్టండి. 2 లీటర్ల డ్రిప్పర్ అయితే 100 మిల్లీలీటర్లు రావాలి, 4 లీటర్లది అయితే 200. లైన్ మొదట్లో, మధ్యలో, చివర చూడండి. అన్నీ దగ్గరదగ్గరగా ఉంటే మీ సిస్టమ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఒక్కటే తక్కువ అయితే ఆ డ్రిప్పర్ మూసుకుంది. చివరవన్నీ తక్కువ అయితే ప్రెషర్ సమస్య. అన్నిచోట్లా తక్కువ అయితే ముందు ఫిల్టర్ విప్పి చూడండి.

వేపచెట్టు:
సున్నం లాగే ఉప్పు కూడా అండి. నీళ్ళలో ఉప్పు ఉంటే డ్రిప్ తడిపిన వృత్తం అంచుల్లో తెల్లగా పేరుకుంటుంది. సన్నటి జల్లు పడితే ఆ ఉప్పు మళ్ళీ వేర్ల దగ్గరకి జారుతుంది, అందుకే చిన్న వాన పడుతుంటే డ్రిప్ ఆపకూడదు, ఇది వినడానికి వింతగా ఉన్నా నిజం. పెద్ద వాన అయితే అదే కడిగేస్తుంది. వానలే లేకపోతే అప్పుడప్పుడు మామూలు కంటే బాగా ఎక్కువ సేపు నడిపి ఉప్పుని కిందికి దించేయాలి.

ఇదంతా చూస్తే డ్రిప్ పుట్టిన కథ గుర్తొస్తుంది నాకు. సిమ్హా బ్లాస్ అనే ఇంజినీర్, పైప్ లీక్ దగ్గర ఉన్న ఒక్క చెట్టు మిగతావాటి కంటే ఏపుగా పెరగడం గమనించాడు, ఆ ఆలోచన పట్టుకుని ఏళ్ళ తర్వాత డ్రిప్పర్ తయారు చేశాడు. 1965 లో ఇజ్రాయెల్ లో హట్జెరిమ్ కిబ్బుట్జ్ (ఉమ్మడిగా బతికే ఊరు) వాళ్ళతో కలిసి నెటాఫిమ్ అనే డ్రిప్ కంపెనీ మొదలైంది. నేలంతా తడపక్కర్లేదు, వేరు ఉన్నచోట తడి ఉంటే చాలు అని ఆ లీకే చెప్పింది.

పెరటిగాలి:
అప్‌డేట్ ఇస్తున్నానండి. రెండు వాల్వులు పెట్టించా, లాన్ వేరు, మడి వేరు. పాత హెడ్స్ తీసి నాలుగు రైజర్లలో మూడింటికి క్యాప్ పెట్టి, నాలుగో దాన్నుంచి ఇన్‌లైన్ పైప్ కి కనెక్షన్ ఇచ్చాం. పైప్ చుట్ట విప్పి ఎండలో పరిస్తే మెత్తబడి చక్కగా పరుచుకుంది, ఫిట్టింగ్ ఎక్కించేటప్పుడు పైప్ కొస వేడినీళ్ళలో ముంచితే సులువుగా ఎక్కింది. హుక్కులు కొట్టి పైన ఆకుచెత్త కప్పేశా.

మడి మొదట్లో బాగుంది కానీ చివరి మూడో వంతులో మట్టి పొడిగానే ఉంటోంది. నీటిబొట్టు గారు చెప్పినట్టు గిన్నె పెట్టి చూస్తే మొదట్లో 95 మిల్లీలీటర్లు, చివర 40. 12 మీటర్ల లైన్ కే ఇంత తేడా వస్తుందా?

నీటిబొట్టు:
రాదు. ఈ పైప్ లో అంతకు ఎన్నో రెట్ల పొడవు దాకా తేడా తెలీనంతే ఉంటుంది. పైప్ ఎక్కడైనా మడత పడిందేమో చూడండి, ఆకుచెత్త కింద కనిపించదు. మడత లేకపోతే ఆ దగ్గర లీక్ ఉంది. ముందు చివర మూడు లైన్లలోనూ తక్కువగా ఉందా, ఒక్కదాంట్లోనేనా అది చెప్పండి.

పెరటిగాలి:
రెండు లైన్లు చివర దాకా బానే ఉన్నాయి, గోడ వైపు లైన్ ఒక్కటే.

పైపులమాస్టర్:
అయితే భూమిలో పాత పైప్ ని వదిలేయండి, అక్కడ లీక్ ఉంటే మూడు లైన్లూ తగ్గేవి. గోడ వైపు లైన్ నే మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడుముతూ వెళ్ళండి, మందారాల వెనక మలుపు దగ్గర ఎక్కువ అనుమానం నాకు. 16 ఎంఎం పైప్ ని టైట్ గా వంచితే నొక్కుకుపోద్ది. అక్కడ ఎల్బో ఫిట్టింగ్ పెట్టాలి.

పెరటిగాలి:
దొరికింది మాస్టర్ గారూ! మలుపు దగ్గర కాదు, దాని తర్వాత అడుగున్నర దూరంలో పైప్ మీద పళ్ళ గాట్లు, ఉడుతలో ఎలుకలో కొరికేశాయి, నీళ్ళు గోడ పునాది వైపు చిమ్ముతున్నాయి, ఆకుచెత్త కింద కాబట్టి కనిపించలేదు. ఆ ముక్క కోసేసి జాయినర్ పెట్టా. ఇప్పుడు చివర 93 వస్తోంది.

బంకమన్ను:
నీళ్ళు దొరక్కపోతే దాహానికి కొరుకుతాయండి అవి. మడికి దూరంగా ఒక మూల మట్టిమూకుడులో నీళ్ళు పెట్టి చూడండి, చాలాచోట్ల పనిచేస్తుంది. స్పేర్ జాయినర్లు, అర మీటర్ పైప్ ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి.

పెరటిగాలి:
పెడతాను అండి. ఆఖరి ప్రశ్న, మడి చివర ఒక చిన్న మామిడి మొక్క ఉంది, దానికి కూడా ఈ లైన్ నుంచే ఇవ్వొచ్చా?

వేపచెట్టు:
ఇప్పుడు చిన్నది కాబట్టి ఇవ్వొచ్చు. కానీ డ్రిప్పర్ మొదలుకి ఆనించకండి, మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బెరడు కుళ్ళుతుంది. కొమ్మల నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ 2 డ్రిప్పర్లు, చెట్టు పెరిగేకొద్దీ వాటిని బయటికి జరుపుతూ, సంఖ్య పెంచుతూ పోవాలి. పెద్దదయ్యాక దానికి కావలసినంత నీరు టమాటా టైమింగ్ లో రాదు, టమాటాకి తరచుగా కావాలి, చెట్టుకి అరుదుగా, లోతుగా కావాలి. అప్పటికి దానికి వేరే వాల్వ్ పెట్టుకునేలా ఇప్పుడే వాల్వ్ బాక్స్ లో కొంచెం చోటు, ఒక వైర్ అదనంగా వదిలేయండి.

పైపులమాస్టర్:
వైర్ ఇప్పుడే వేసేయండి, గుంత ఎలాగూ తెరిచే ఉంది కదా. రెండు కొసలకీ క్యాప్ పెట్టి, ఏ స్టేషన్ కోసమో చీటీ కట్టండి.